బతికున్నవాడికి శోకం

సూర్యాపేట,
14 జూన్ 2025

సంతోషికి,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. ఫోన్లో అయితే మనిద్దరం రెండు మాటలకే గొంతు పెంచుతున్నాం, పక్క గదిలో అత్తమ్మ అన్నీ వింటోంది. కాగితమైతే నువ్వు మధ్యలో పెట్టేయలేవు. అందుకని పోస్టాఫీసుకు పోయి కవర్లు తెచ్చుకున్నాను.

ఫిబ్రవరిలో మామయ్య పోయిన దగ్గర నుంచి అత్తమ్మ మా దగ్గరే ఉందన్న మాటే గానీ, ఉన్నట్టు లేదు. "ఆ", "ఊహూ", "చాలు". ఈ మూడు మాటలతోనే రోజు గడుపుతుంది. నువ్వు ఆమె ఫోన్ ఎత్తవు. ఆమె ఇప్పుడు చేయడం కూడా మానేసింది. కన్నతల్లీ కన్నకూతురూ ఇట్లా ఉంటే మధ్యలో నాకు అన్నం దిగడం లేదు.

డాక్టరు నలుగురిలోకి తీసుకెళ్లమన్నాడు. మీ అన్నయ్య వెంటనే ఆమెను కాలనీ పార్కులో 'చిరునవ్వుల వేదిక'లో చేర్పించాడు. చేర్పించడం ఆయన పని, రోజూ పొద్దున్నే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, అయ్యేదాకా బల్ల మీద కూర్చోవడం నా పని. అక్కడ జరిగేది జరిగిన వరసలోనే రాస్తాను, నాకు అట్లా అయితేనే కుదురుతుంది.

నడిపేది రాజ్‌కుమార్ అనే ఆయన. నలభై ఏళ్లుంటాయి. పసుపు టీషర్టు, చెవి నుంచి నోటి ముందుకు వంగిన మైకు, మెడలో విజిల్. ఇదివరకు బరువు తగ్గించే పొడి డబ్బాలు అమ్మేవాడట. ఇప్పుడు ముసలివాళ్లకు నవ్వు నేర్పుతున్నాడు. వాళ్లను "యంగ్‌స్టర్స్" అని పిలుస్తాడు. మొదట చప్పట్లు. తర్వాత అందరూ కలిసి "హో హో, హహహ" అని అరవాలి. తర్వాత లస్సీ నవ్వు. అంటే రెండు చేతుల్లో గ్లాసులున్నట్టు ఇటు నుంచి అటు పోసి, తాగినట్టు నటించి నవ్వాలి. చివరికి సింహం నవ్వు. కళ్లు మిటకరించి, నాలుక గడ్డం దాకా చాపి గర్జించాలి. సంతోషీ, నేను వయసును ఎగతాళి చేసే మనిషిని కాను. మా అమ్మానాన్నల ఒళ్లు ఈ చేతులతోనే కడిగాను. కానీ పళ్లు లేని అన్ని నోళ్లు ఒక్కసారి తెరుచుకుని, పాచి కట్టిన నాలుకలన్నీ బయటికి వచ్చి, గడ్డాల మీద చొంగ కారుతుంటే, బల్ల మీద అటు తిరిగి కూర్చున్నాను. ఎవరూ వాళ్లంతట వాళ్లు నవ్వడం లేదు. విజిల్ వేస్తే నవ్వుతున్నారు, ఇంకో విజిల్ వేస్తే ఆపుతున్నారు.

మా వీధి చివరి ఆండాలమ్మకు మొన్న గర్జించి గర్జించి చీర తడిసింది. పాపం ఆమె అటు తిరిగి కుచ్చిళ్లు సర్దుకుంటుంటే, ఆయన మైకులోనే, "చూసిండ్రా యంగ్‌స్టర్స్, ఆండాలమ్మకు నవ్వు ట్యాంకు నిండి పొర్లింది!" అన్నాడు. అందరూ హో హో హహహ. ఆండాలమ్మ కూడా నవ్వింది. అదే నాకు అన్నిటికన్నా వెగటు పుట్టించింది.

అత్తమ్మ ఆ గుంపులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడుతుంది. "అమ్మా, కొంగు తియ్యాలె, నవ్వు బయటికి రావాలె" అని ఆయన చేత్తో లాగబోయాడు. చేలో పడ్డ మేకను చూసినట్టు చూసింది. వదిలేశాడు.

నాకు ఈ తతంగం మాన్పించాలని ఉంది. కానీ మాన్పించి ఏం చేయను? ఆమెకు కావలసింది పార్కు కాదు, నువ్వు. ఒక్కసారి వచ్చి పో. రాలేకపోతే ఆమె పేరున రెండు ముక్కలు రాయి, నేను చదివి వినిపిస్తాను. మీ వీధి వాళ్లెవరో మిర్యాలగూడ పోతుంటే ఆవకాయ పంపుతున్నాను. జాడీ తిరిగి పంపడం మర్చిపోకు.

నీ వదిన,
అరుణ

మిర్యాలగూడ,
22 జూన్ 2025

వదినా,

ఆవకాయ ముందు అందింది, ఉత్తరం తర్వాత అందింది. ఆవకాయ బాగుంది.

మా అమ్మ గురించి నీకు తెలియనిది చెప్తాను. నువ్వు కోదాడ మనిషివి. మీ వైపు చావు దగ్గర ఏడుస్తారు, అంతే. మా ఊరు మోతెలో శోకం పెడతారు. పోయినవాళ్లు ఏం తినేవాళ్లు, ఎవరితో కొట్లాడారు, ఏ ఎద్దును ఎట్లా సాకారు, అన్నీ రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. అందులో మా అమ్మను మించినవాళ్లు చుట్టుపక్కల లేరు. ఎక్కడ ఎవరు పోయినా డప్పులవాళ్ల తర్వాత కబురు మా ఇంటికే వచ్చేది. నాయిన సైకిల్ తీసేవాడు. వెనక క్యారియర్ మీద అమ్మ, ముందు కడ్డీ మీద నేను. అక్కడ అమ్మ రాళ్లు కరిగేలా ఏడ్చేది. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ దారి పొడుగునా నవ్వుకునేవాళ్లు. మైల స్నానం కూడా కాకముందే ఆ నవ్వులేంటని నాకు చిన్నప్పుడే అసహ్యం వేసేది.

అట్లాంటి మనిషి నాయిన పోయినప్పుడు ఏం చేసింది? ఊరంతా ఆమె నోటికేసి చూసింది. నేనూ చూశాను. మా స్కూలు టీచర్లు వచ్చారు, మా అత్తగారివాళ్లు వచ్చారు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. ఒక్క మాట లేదు, ఒక్క రాగం లేదు. ఎవరెవరికో పెట్టింది. పక్కింటివాళ్ల బర్రె చస్తే దానికీ పెట్టింది. సైకిల్ తొక్కి తొక్కి మోకాళ్లు అరిగిన మా నాయినకు మాత్రం దక్కలేదు. పాడె లేచేదాకా మూసుకున్న నోరు, ఇప్పుడు నేనొస్తే తెరుచుకుంటుందా?

నవ్వుల క్లాసు నచ్చితే పోనీ. నాకేం.

ఇంకో మాట. ఆమెను చూసుకోవడం బరువై నా దగ్గరికి పంపాలని ఉంటే, ముసలివాళ్ల నాలుకల కథలు చెప్పనక్కర్లేదు. నేరుగా రాయి.

సంతోషి

సూర్యాపేట,
6 జూలై 2025

సంతోషికి,

నీ ఉత్తరం చదివి, మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టాను. కోపం తగ్గాక తీసి మళ్లీ చదివాను. అత్తమ్మను పంపిస్తానని నేను ఎక్కడ రాశాను? చూపించు. రమ్మన్నాను. రమ్మనడానికీ పంపడానికీ తేడా పిల్లలకు పాఠాలు చెప్పేదానివి, నీకు తెలియదా? ఈ మాట ఇక్కడితో వదిలేస్తున్నాను, ఎందుకంటే ఇంకో సంగతి జరిగింది. అది మంచిదో చెడ్డదో నాకే తెలియడం లేదు.

క్లాసు చివర అందరూ చాపల మీద కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకుంటారు. మోకాళ్లు వంగనివాళ్లు కుర్చీల్లోనే ఉంటారు, అత్తమ్మ వాళ్లలో ఒకతె. సోమన్న అని ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన ఆయన ఉన్నాడు. ఆ రోజు అందరూ లేచినా ఆయన గుర్రు పెడుతూ లేవలేదు. రాజ్‌కుమార్‌కు హాస్యం పుట్టింది.

"అరె, మన సోమన్న పోయిండు! ఎవలన్న జర ఏడువుండ్రి!"

ఎవరో ఇద్దరు ఊరికే "ఊఁ ఊఁ" అన్నారు. అప్పుడు అత్తమ్మ కుర్చీలోంచి లేచింది. నేను బాత్రూముకు అనుకుని బల్ల దిగాను. ఆమె పోయి సోమన్న తల దగ్గర కూలబడి, రెండు చేతులూ నేలకు చరిచి, ఎత్తుకుంది:

"ఓ నా తమ్ముడో సోమన్నా! ఎర్రబస్సు తోలిన చెయ్యి ఎండుకట్టె ఆయెనా నా తమ్ముడో! ముసలిది చెయ్యెత్తితె ఆపకపోతివి, బడిపిల్ల చెయ్యెత్తితె ఆపకపోతివి... యముడు చెయ్యెత్తంగనే బ్రేకు ఎట్ల కొడితివిరో నా తమ్ముడో!"

ఒక్క క్షణం ఎవరికీ ఏం అర్థం కాలేదు. తర్వాత విజిల్ లేకుండా, హో హో లేకుండా, ఆ పార్కులో మొదటిసారి మనుషులు నిజంగా నవ్వారు. సోమన్న కళ్లు తెరవకుండానే పొట్ట ఎగిరెగిరి పడేలా నవ్వాడు. ఆండాలమ్మ చెట్టు పట్టుకుని నవ్వింది. నేను కూడా నవ్వాను, ఎందుకు దాచాలి. నవ్విన వెంటనే లెంపలేసుకున్నాను. ఊపిరి ఉన్న మనిషి తల దగ్గర శోకం ఏంటమ్మా?

ఇంటికి వచ్చి ముందు ఆమెకు తలంటు నీళ్లు తోడాను. "సావే లేదు, తానం దేనికే?" అంది. ఆ పూట కూర్చుని అన్నం తింటూ, "బిడ్డా, జర పులుసు ఎయ్యి" అని అడిగింది. ఫిబ్రవరి తర్వాత ఆమె నోరు తెరిచి నన్ను అడిగిన మొదటి వస్తువు అది.

అంతటితో ఆగితే ఎంత బాగుండేది. మర్నాడు రాజ్‌కుమార్ బంతిపూల దండ, దూది, అగరుబత్తులు సంచిలో వేసుకుని వచ్చాడు. సోమన్న ముక్కులో దూది తనే పెట్టుకుని తుమ్మాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మూడు కాళ్ల స్టాండు మీద ఫోన్ పెట్టి, "అమ్మా, నిన్నటిదే, కొంచెం ఓవర్ చెయ్యి" అని అత్తమ్మకు చెప్పాడు. అగరుబత్తి పొగ, చొంగ, దండలోని వాడిన పూల కుళ్లు వాసన. ఇప్పుడు రోజూ ఇదే. ఆగస్టులో కోదాడలో వృద్ధుల నవ్వుల పోటీ ఉందట, ఈ ఐటెం అక్కడికి తీసుకుపోతానంటున్నాడు.

ఆమె తింటోంది, మాట్లాడుతోంది. నాకేమో ఆ పార్కు గేటు దాటబుద్ధి కావడం లేదు. నువ్వే చెప్పు, ఏం చేయను?

వదిన

మిర్యాలగూడ,
15 జూలై 2025

వదినా,

నీ ఉత్తరం కన్నా ముందు వీడియో వచ్చింది. స్టాఫ్ రూంలో తెలుగు మేడం ఫోన్ చుట్టూ అందరూ మూగి ఉన్నారు. "సంతోషీ, ఈమె మీ అమ్మ కదా? మీ నాయిన దినాలకు మోతె వచ్చినప్పుడు చూశాం" అని నన్ను పిలిచి చూపించారు. కింద గాడిద ఓండ్ర పెట్టినట్టు సంగీతం. మా అమ్మ నేల చరుస్తుంటే టప్ టప్ మని బొమ్మల చప్పుళ్లు. అందరూ నవ్వుతున్నారు. నేను అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి వచ్చాను.

మా నాయినకు లేని శోకం బతికున్న బస్సు డ్రైవరుకు! ఆయన శవం మీద ఒక్క మాట రాల్చని మనిషి, ముక్కులో దూది పెట్టుకుని గుర్రుపెట్టేవాడికి "తమ్ముడో" అంటోంది. నువ్వు ఆ బల్ల మీద కూర్చుని చూస్తున్నావు. పైగా నవ్వానని రాస్తున్నావు. పులుసు వడ్డించానని రాస్తున్నావు. ఇంట్లో సందడిగా ఉందని మీకు బాగుందేమో. నాకు మాత్రం మా నాయిన పాడెను మళ్లీ ఊరేగిస్తున్నట్టు ఉంది.

అది ఆపించు. వీడియో తీసేయించు. ఆమె కోదాడలో స్టేజి ఎక్కితే, నాకు ఆ రోజుతో అమ్మ కూడా పోయినట్టే. ఈ మాట ఆమెకు చెప్పు.

సంతోషి

సూర్యాపేట,
28 జూలై 2025

సంతోషికి,

నువ్వు తిట్టిన తిట్లలో సగం నాకు తగిలేవే. మిగతా సగం తగలవలసిన మనిషి దగ్గరికి పోయాను.

రాజ్‌కుమార్ పార్కు బయట కొబ్బరి బోండం తాగుతున్నాడు. వీడియో తీసేయమన్నాను.

"మేడం, మీరు నెగెటివ్‌గా ఆలోచిస్తున్నరు. అమ్మ ఇప్పుడు స్టార్. దుబాయ్ నుంచి కూడా చూస్తున్నరు."

"ఆమె కూతురు ఏడుస్తోంది."

"ఏడుపును నవ్వుగా మార్చుడే కదా మేడం మన కాన్సెప్టు! ఆమెను కూడా ఒక సండే తోలుకరాండ్రి, ఫ్రీ సెషన్ ఇస్తా."

మాట్లాడుతూ కొబ్బరి లేత ముక్క నోట్లో నుంచి జారి టీషర్టు మీద పడితే, తీసి మళ్లీ నోట్లో వేసుకున్నాడు. నేను అక్కడ ఇంకొక్క నిమిషం నిలబడలేకపోయాను.

ఇంటికి వచ్చి, రేపటి నుంచి పార్కు లేదని అత్తమ్మకు చెప్పాను. సరేనంది. పొద్దున్నే నేను పాలు కాచేలోపు గోడలు పట్టుకుని తనే వెళ్లిపోయింది. వెనక పరుగెత్తి దారిలోనే ఆపి, రోడ్డు మీదే అడిగేశాను.

"అత్తమ్మా, సిగ్గనిపించడం లేదా? వాళ్లు మిమ్మల్ని చూసి నవ్వుతున్నారు."

"నవ్వనీ. నలభై ఏండ్లు సచ్చినోళ్ల కాడ ఏడ్సిన. ఒక్కడన్న ఇన్నడా? సోమన్న ఇంటుండు. ఇని కడుపు ఊపుతుండు. ఎట్ల ఏడ్సినవ్ అక్కా అని అడుగుతుండు."

"మరి మామయ్య దగ్గర ఎందుకు ఏడవలేదు?"

అడిగేశాను సంతోషీ. మీ అన్నయ్య కూడా ఇన్ని నెలలుగా అడగలేని మాట. ఆమె మొహంలో నవ్వు అట్లాగే ఆరిపోయింది.

"అది నేను మొదలువెట్టేది గాదు బిడ్డా" అంది. అంతే. ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్లీ "ఆ", "ఊహూ", "చాలు".

మొండితనం అనుకోవాలో ఇంకేమనుకోవాలో నాకు తెలియదు. నీ మాట మాత్రం ఆమెకు ఇంకా చెప్పలేదు. చెప్పమంటే చెప్తాను, కానీ చెప్పిన తర్వాత వెనక్కి తీసుకోలేవు. ఆలోచించి రాయి.

వదిన

మిర్యాలగూడ,
4 ఆగస్టు 2025

వదినా,

"నేను మొదలుపెట్టేది కాదు" అన్నదా? అర్థమైంది. మా నాయిన ఆమె నోటికి అంత విలువ చేయడు. నలభై ఏళ్ల సంసారానికి ఆమె ఇచ్చిన లెక్క అది.

ఆలోచించాను. నేను రాసినవన్నీ ఆమెకు చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా వదలకు.

జాడీ కడిగి పెట్టాను. ఎవరైనా వస్తే పంపిస్తాను.

సంతోషి

సూర్యాపేట,
26 ఆగస్టు 2025

సంతోషీ,

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. రాజ్‌కుమార్ పెట్టిన కోదాడ వీడియో నువ్వు చూసే ఉంటే, చూసింది పక్కన పెట్టి ఇది చదువు. చూడకపోతే చూడకు.

నువ్వు రాయమన్నట్టే, నీ ఉత్తరాలన్నీ అత్తమ్మకు చదివి వినిపించాను. సైకిల్ మాట వచ్చిన చోట కళ్లు మూసుకుంది. "పాడె లేచేదాకా మూసుకున్న నోరు" అన్న చోట, "మల్ల సదువు" అంది. మళ్లీ చదివాను. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ ఫోన్ల వచ్చేది నా బిడ్డ సూస్తదా?" అని అడిగింది. స్కూల్లో వాళ్లు చూపించారట కదా అన్నాను. "అయితె కోదాడ పోవాలె" అంది. స్టేజి ఎక్కితే సంతోషి తనకు అమ్మే లేదనుకుంటానంది, విన్నారు కదా అన్నాను. "ఇన్న. నేను ఫోన్ జేస్తె ఎత్తదు. ఇంకెట్ల మాట్లాడాలె?" అంది.

నాకు అప్పుడు అర్థం కాలేదు. పంతం అనుకున్నాను. మీ అన్నయ్య కారు తీశాడు.

కోదాడ నా పుట్టిన ఊరు. ఆ ఫంక్షన్ హాల్లో నాతో చదువుకున్నవాళ్లు ముందు వరసల్లో కూర్చుని ఉన్నారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. ముఖ్య అతిథి ఆలస్యం, అందాకా ముసలివాళ్లందరినీ బయట ఎండలో షామియానా కింద కూర్చోబెట్టి, లోపల మైకులో జోకులు. భార్యల మీద జోకులు, చెవుడు మీద జోకులు. మీ మిర్యాలగూడ వాళ్లు ఒక పెద్దాయనకు గౌను తొడిగి, గుండెల్లో బెలూన్లు దూర్చి నడిపించారు. బెలూను పగిలితే హాలు దద్దరిల్లింది. ఆ పెద్దాయన మనవరాలు కాబోలు, మొహం మీద చున్నీ కప్పుకుని బయటికి పోయింది.

తర్వాత మనవాళ్లు. మంచం వేశారు. సోమన్నను పడుకోబెట్టి దండ వేసి, ముక్కులో దూది పెట్టారు. రాజ్‌కుమార్ ముందు వైపు ఫోన్ స్టాండు పెట్టాడు. అత్తమ్మ వచ్చి తల దగ్గర కూర్చుంది. "ఓ నా తమ్ముడో" అనగానే నవ్వులు మొదలయ్యాయి. యముడి బ్రేకు దాకా అన్నీ చెప్పింది.

ఆపేసింది.

సోమన్న ముక్కులోంచి దూది తీసింది. "లే తమ్మీ. నీకు ఏడ్వనీకి బిడ్డలున్నరు" అంది. జనం ఇదీ ఐటెంలోదే అనుకున్నారు. సోమన్న లేచి కూర్చుంటే ఇంకా నవ్వారు. అప్పుడు ఆమె ఆ ఫోన్ వైపు తిరిగింది. నేను స్టేజి పక్కనే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను. ఆమె అన్నది అన్నట్టు రాస్తున్నాను:

"సంతోషీ, బిడ్డా. నేను యాడ ఏడ్సినా, ఆ ఇంటి బిడ్డ ముందుగాల 'నాయినా' అనో 'అమ్మా' అనో ఒక్క పిలుపు పిలుస్తది. ఆ పిలుపు పట్టుకునే నేను అందుకుంట. ఇంటి బిడ్డ పిలువంది నేను ఎన్నడు నోరు తెరువలె. మీ నాయిన కాడ నువ్వు పిలుస్తవని సూసిన. నువ్వు కొంగు నోట్లె కుక్కుకోని నన్నే సూత్తున్నవ్. పాడె లేసేదాక ఆగిన. ఇంక ఆగుతనే ఉన్న బిడ్డా."

హాలంతా విరగబడి నవ్వింది, సంతోషీ. ఈలలు వేశారు. ముఖ్య అతిథి జేబురుమాలుతో కళ్లు తుడుచుకుంటూ, "ఏం టైమింగ్ అమ్మా!" అన్నాడు. నా చిన్ననాటి స్నేహితురాలు నా భుజం తట్టి, "మీ అత్తగారు భలే చేశారే" అంది. ఆమె చెయ్యి తగిలిన చోట నాకు ఇప్పటికీ కడుక్కోవాలనిపిస్తోంది. నవ్వనిది సోమన్న ఒక్కడే. దండ తీసి పక్కన పెట్టి, తల వంచుకుని కూర్చున్నాడు.

మొదటి బహుమతి మనకే ఇచ్చారు. ప్రెషర్ కుక్కరు. రాజ్‌కుమార్ అత్తమ్మ నెత్తిన అట్ట కిరీటం పెట్టి ఫోటో దిగాడు. దారిలో ఆమె ఒక్కటే అడిగింది: "బిడ్డకు అందుతదా?"

అందదు. అందుకే రాస్తున్నాను. రాత్రి ఆ వీడియో చూశాను. సరిగ్గా ఆ మాటల మీద వాడు నవ్వుల చప్పుడు అతికించాడు. ఆమె పెదాలు కదులుతాయి, ఒక్క మాట వినపడదు.

కుక్కరును నేను గడప దాటనివ్వలేదు. వరండాలో డబ్బాలోనే ఉంది. వీధి కుక్క వచ్చి వాసన చూసి పోయింది.

నాకు మీ మోతె పద్ధతి తెలియదు. నీకు తెలుసా?

వదిన

మిర్యాలగూడ,
31 ఆగస్టు 2025

వదినా,

నాకు తెలియదు.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర నుంచి అదే ఆలోచిస్తున్నాను. అన్ని చావులకు పోయినదాన్ని, నాకెట్లా తెలియలేదు? ఎందుకంటే నేను ఎప్పుడూ లోపలికి పోలేదు. పిల్లలు శవాన్ని చూడొద్దని నాయిన నన్ను బయట సైకిల్ దగ్గరే పెట్టుకునేవాడు. గోడ ఇవతలికి వినపడేది అమ్మ గొంతొక్కటే. దానికి ముందు లోపల ఒక కూతురు సన్నగా పిలిచి ఉంటుందని నాకు ఎట్లా తెలుస్తుంది? తర్వాత హాస్టలు, తర్వాత ఉద్యోగం. శోకం అంటే అమ్మ మొదలుపెట్టేదనే అనుకున్నాను. నాయిన దగ్గర కొంగు కుక్కుకుని ఆమె కోసమే ఆగాను. ఆమె గొంతు లేస్తే అప్పుడు నేనూ ఏడవొచ్చు అనుకున్నాను. ఒకరి నోటికేసి ఒకరం చూస్తూ కూర్చున్నాం. ఈలోపు ఆయన్ను తీసుకుపోయారు.

వీడియో నేనూ చూశాను, నీ ఉత్తరం రాకముందే. స్టాఫ్ రూంలోనే. ఆ నవ్వుల చప్పుడు కింద ఆమె నన్ను పిలుస్తోందని తెలియక ఫోన్ తిప్పి బల్ల మీద బోర్లించాను. నిన్న మళ్లీ చప్పుడు లేకుండా పెట్టి పెదాలు చూశాను. నువ్వు రాసిన మాటలు పక్కన పెట్టుకుని చూశాను. సరిపోయాయి. ఆ హాల్లో అంతమంది తల్లులు, తండ్రులు ఉన్నారు కదా వదినా? ఒక్కరికి కూడా ఆమె మొహం చూస్తే తెలియలేదా? అదేం నవ్వు? వాళ్లు మళ్లీ ఎప్పుడైనా నా ముందు నవ్వితే నేను భరించలేను. తెలుగు మేడం నిన్న పొద్దున "మీ అమ్మకు ఫస్ట్ ప్రైజ్ అట కదా, పార్టీ ఎప్పుడు?" అంది. ఆమె పెట్టిన లడ్డూ చెత్తబుట్టలో వేసి క్లాసుకు పోయాను.

వచ్చే ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. శనివారానికి వినాయకుడి మైకులు కూడా ఖతం అవుతాయి, అమ్మ గొంతు వినపడాలి. ఆమెకు ముందే ఏం చెప్పకు. నాకు శోకం రాదు, కానీ ఒక్క పిలుపు వస్తుంది. గడప దగ్గర నుంచే పిలుస్తాను. తర్వాతది ఆమె చూసుకుంటుంది. మీ కాలనీవాళ్లు ఏమనుకుంటారో అని నీకు ఇబ్బందిగా ఉంటే ఇప్పుడే చెప్పు, ఆమెను మోతె తీసుకుపోతాను.

జాడీ నేనే తెస్తున్నాను.

సంతోషి

సూర్యాపేట,
3 సెప్టెంబర్ 2025

సంతోషికి,

మోతె పోనక్కర్లేదు. ఇదే ఆమె ఇల్లు.

ముందు గదిలో సామాన్లు జరిపి చాప వేస్తాను. మామయ్య ఫోటో గోడ మీద నుంచి దించి, ఆమెకు ఎదురుగా ఉండేటట్టు పీట మీద పెడతాను. అందరికీ సరిపడా వేడినీళ్లు కాగుతుంటాయి. ఈసారి తలస్నానం దేనికని ఎవరూ అడగరు. సోమన్న వస్తానన్నాడు, ఆయన ఒక్కణ్ని రానిస్తాను. కుక్కరు ఆండాలమ్మ కూడా వద్దంది, చెత్త బండికి ఎక్కించాను.

రాజ్‌కుమార్ ఎట్లా పసిగట్టాడో, అమ్మాకూతుళ్లు కలుసుకునే సీన్ తీసుకుంటానని వచ్చాడు. గేటు తెరవకుండానే మాట్లాడి పంపాను. ఏం మాట్లాడానో కాగితం మీద రాయదగ్గది కాదు.

కాలనీ గురించి నీకు దిగులు వద్దు. ఇంటింటికీ పోయి నేనే చెప్పి వచ్చాను. ఆదివారం పొద్దున మా ఇంట్లో ఏడుపు ఉంటుంది, నవ్వొచ్చేవాళ్లు పార్కుకు పొమ్మని.

వదిన